షుల్జు స్వదేశగమనము

బెంజమిన్ షుల్జు అను జర్మను క్రైస్తవబోధకుఁడు 1719 లోఁ దరంగంబాడి చేరి, 1726 లో మద్రాసునకు వచ్చి, దక్షిణదేశమున నిరువదినాలుగేండ్లుండి 1743 లో స్వదేశమునకు మరలెను. మరలిపోవు బోధకులు దాము నాటినదానిని వెనుక విడిచిపోవుదురు. ఈతని తెలుఁగు పరిశ్రమమన్ననో యీతనితోడనే యోడ యెక్కినది. మద్రాసున నీతని స్థానమున నిలిచిన ఫబ్రీషియసు మేటియే గాని యాతని కృషి యఱవమున. 1732 నాఁటికే ముగిసిన షుల్జుని తెలుఁగు బైబిలు అచ్చుమొగము చూడనే లేదు.

హాలె పట్టణము చేరి, తెలుఁగక్షరములు పోఁతపోయించి, 1746, 1747 సంవత్సరములలో మతగ్రంథములను ముద్రింపించెను. తెలుఁగులిపిలో నచ్చయిన పొత్తములలోఁ దొలుతటి వివియే. ఆంధ్రముద్రణచరిత్రమును మద్రాసునుండి మొదలిడువారు దీనిని గమనింపవలయును.

వైయాకరణుల కంతకంటె విలువైనది వేఱొకటి కలదు. 1728 లో మద్రాసున నీతఁడు లాటినుభాషలోఁ దెలుఁగు వ్యాకరణమును రచించెను. 1814 లోఁ గేరీ వ్యాకరణమును, 1816 లోఁ గాంబెలు వ్యాకరణమును వెలువడునాఁటికి నిది పుట్టి యెనుబదేండ్లు దాఁటినది. అయినను వ్రాఁతప్రతిగానే యుండెను. పదునెనిమిదవ శతాబ్ది పూర్వార్ధమున మద్రాసునఁ దెలుఁగు నేర్చిన పరదేశి సాక్ష్యమగుటచే, లోపము లెన్ని యున్నను నాకది ప్రియము. తుదకు హాలెలోనే 1984 లో నచ్చయ్యెను, వ్రాసిన 256 ఏండ్లకు.