కృష్ణా డెల్టాలో దళిత నిర్వాసితుల పునరావాసం

కులదాడుల వల్ల కృష్ణా పశ్చిమ డెల్టాలో ఊళ్ళు విడిచిన దళిత కుటుంబాలు శిబిరాల్లో తలదాచుకుని, ఆపైన ఇల్లు, పని, భద్రత తిరిగి సంపాదించుకోవడానికి సాగించిన ప్రయత్నాల చరిత్ర ఇది. ఇందులో ప్రధాన ఘట్టాలు రెండు: 1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. అప్పట్లో కారంచేడు ప్రకాశం జిల్లాలో, చుండూరు గుంటూరు జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్ నుంచి రెండూ బాపట్ల జిల్లాలో ఉన్నాయి. కారంచేడు బాధితులు ఇక ఆ ఊరు వెళ్ళబోమన్నారు. చుండూరు బాధితులు ఊళ్ళోనే ఉంటాం, కోర్టే ఊళ్ళోకి రావాలన్నారు. రెండు నిర్ణయాలకూ మూలం ఒకే చిక్కు: దాడి చేసినవాళ్ళ పొలంలోనే కూలికి పోవాలంటే ఆ బతుకు ఎలా నిలబడుతుంది?

నీరు, భూమి, కూలి

విజయవాడ దగ్గర కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తయింది. శతాబ్దం తర్వాత, 1957లో, దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చింది. నదికి పడమటి వైపు బయల్దేరే ప్రధాన కాలువ నుంచి దుగ్గిరాల దగ్గర చీలిన కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా పోతుంది. చుండూరు మాగాణులూ, ఆయకట్టు చివర్లో ఉన్న కారంచేడు మాగాణులూ ఈ పశ్చిమ డెల్టా నీళ్ళతో పండేవే. వరి, దాని వెనక మినుము, మెట్టన పొగాకు. పంట మిగులు పట్టణాల్లో మిల్లులుగా, సినిమా హాళ్ళుగా, కాంట్రాక్టులుగా, చివరికి రాజకీయ పలుకుబడిగా మారింది.

ఆ నీరు దళితుల దాకా వచ్చింది భూమిగా కాదు, కూలిగా. నాట్లు, కలుపు, కోతలు, కుప్పనూర్పిళ్ళు. ఏడాది పొడుగునా జీతానికి కుదిరితే పాలేరుతనం. ఇంటికి తెచ్చుకునే గడ్డి, గట్ల మీద పశువుల మేత, చేబదులు, పెళ్ళికో చావుకో అప్పు, అన్నీ ఆసామి చేతిలోనే ఉండేవి. డెల్టాలో ‘ఊరు’ వేరు, ‘పల్లె’ వేరు. పల్లె అంటే ఊరి చివర దళితులుండే పేట. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922 నాటి తన నవలకు ‘మాలపల్లి’ అని పేరు పెట్టింది ఈ అర్థంలోనే. ఈ ప్రాంతంలో ఊరికీ పల్లెకీ గొడవ అంటే అది పనిచ్చేవాడికీ పనికి పోయేవాడికీ గొడవ కూడా.

ఈ ముడి కొంత వదులయింది రెండు దారుల్లో. మొదటిది మిషనరీ బడులు, ఆస్పత్రులు, చర్చిలు. లూథరన్, బాప్టిస్టు, సాల్వేషన్ ఆర్మీ సంఘాలు పంతొమ్మిదో శతాబ్దం నుంచీ మాల మాదిగల్లో పనిచేశాయి. రెండోది రైలు. చెన్నై–విజయవాడ మార్గంలో చీరాల, చుండూరు రెండూ స్టేషన్లే. చుండూరు మాలపల్లెలో రైల్వే ఉద్యోగులు చాలామంది ఉండేవారు. నెల జీతం వచ్చే ఇంటి పిల్లవాడు ఆసామి ముందు తలవంచాల్సిన పని లేదు. దాడులకు పైకి కనిపించిన కారణాలు చిన్నవే అయినా, ఆ వంగని తల మీద కోపం వాటి వెనక ఉంది.

ముందరి వలసలు

డెల్టాకు ఊళ్ళు ఖాళీ చేయడం కొత్త కాదు. 1921లో మునిసిపాలిటీ పన్నులకు నిరసనగా చీరాల–పేరాల జనంలో అత్యధికులు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఇళ్ళు వదిలి, ఊరి బయట రామనగర్ పేరుతో పాకలు వేసుకుని దాదాపు 11 నెలలు ఉన్నారు. అది తమంత తాము ఎంచుకున్న వలస. తలుపు తాళం చెవి వాళ్ళ దగ్గరే ఉంది. 1947–48లో రజాకార్ల దాడులు తప్పించుకోవడానికి తెలంగాణ పల్లెల నుంచి జనం విజయవాడకూ, కృష్ణా జిల్లా సరిహద్దు గ్రామాలకూ చేరారు. 1948 సెప్టెంబరులో నిజాం లొంగిపోయాక వాళ్ళకు వెనక్కి దారి తెరుచుకుంది. కులదాడి నిర్వాసితుడి సంగతి వేరు. అతను వదిలి వచ్చిన ఊళ్ళో ఏ ప్రభుత్వమూ కూలలేదు. ఆ పొలాలు, ఆ ఆసాములు అక్కడే ఉన్నారు.

కారంచేడు: వెనక్కి వెళ్ళబోమన్న నిర్ణయం

1985 జూలై 16 సాయంత్రం కారంచేడు మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు దగ్గర, గేదెకు కుడితి పెట్టిన బకెట్టును కమ్మ కులానికి చెందిన యువకుడొకరు కడగబోయాడు. ఒక దళిత బాలుడు వద్దన్నాడు. అతన్ని కొట్టబోతే, నీళ్ళకు వచ్చిన మహిళ బిందె ఎత్తింది. మర్నాడు ఉదయం కమ్మ భూస్వాముల గుంపు పల్లె మీద పడింది. ఆరుగురు దళితులు హతులయ్యారు. స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి. బతికినవాళ్ళు పొలాలకు అడ్డంపడి, పది కిలోమీటర్ల లోపు దూరంలో ఉన్న చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు.

ఆ ఆవరణే నెలల తరబడి శిబిరమయింది. పొన్నూరులో సంస్కృతం చెప్పే అధ్యాపకుడు కత్తి పద్మారావు అక్కడ నిలిచి నడిపించారు. న్యాయవాది బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేసి వచ్చారు. ఆ సెప్టెంబరులోనే ఆంధ్రప్రదేశ్ దళిత మహాసభ పుట్టింది. తారకం అధ్యక్షుడు, పద్మారావు ప్రధాన కార్యదర్శి. దళిత మహాసభ చరిత్ర చాలాచోట్ల రాశారు. శిబిరం చేసిన అసలు పని మాత్రం అంతగా చెప్పుకోరు: అంతవరకూ ఆసామి కమతం చుట్టూ విడివిడిగా బతికిన కుటుంబాలు ఒకే పొయ్యి దగ్గర తిని, ఒకే మాట మీద నిలబడడం నేర్చుకున్నాయి. సాయం కూడా మొదట ఇరుగుపొరుగు పల్లెల దళితుల నుంచే వచ్చింది. చుట్టరికం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ బియ్యం పంపారు.

ప్రభుత్వాలకు ఇలాంటివేళ తోచే మార్గం ఒకటే: శాంతి సంఘం వేయడం, పోలీసు పికెట్ పెట్టడం, బాధితులను లారీల్లో ఊరికి తిప్పి పంపడం. కారంచేడు దళితులు దానికి ఒప్పుకోలేదు. చీరాలలోనే స్థలాలివ్వాలని పట్టుబట్టారు. చివరకు పట్టణపు అంచున ఇళ్ళస్థలాలు ఇచ్చి ఇళ్ళు కట్టించారు. అదే విజయనగర్ కాలనీ. పల్లెకు పల్లే తరలి పట్టణంలో భాగం కావడం డెల్టాలో అరుదు.

చీరాల కాబట్టి అది సాధ్యమైంది. అది నేతకూ బట్టల వ్యాపారానికీ పేరున్న ఊరు, పొగాకు కంపెనీ ఉన్న ఊరు, రైలు ఆగే ఊరు. అక్కడ కూలి అడగడానికి ఒకే గడప లేదు. అయితే పొలం పని చేసినవాడికి మగ్గం రాదు, దుకాణంలో పని పరిచయం లేనిదే దొరకదు. మాగాణిలో ఒడుపు తెలిసిన చేతులు పట్టణంలో తట్ట మోయడం నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. ఇళ్ళస్థలం ఇచ్చినంత తేలిగ్గా ఏ అధికారీ బతుకుతెరువు ఇవ్వలేడు. పిల్లల బడి దగ్గరపడడం ఈ మార్పులో కంటికి కనిపించిన లాభం.

చుండూరు: వెలి, దాడి, తిరిగి రావడం

చుండూరు కథ పని ఆగిపోవడంతో మొదలయింది. 1991 జూలైలో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు వరసలోని రెడ్డి యువకుడికి తగిలిందన్న తగాదా పెద్దదైంది. రెడ్లు, తెలగాలు కలిసి దళితులను వెలివేశారు. కూలికి పిలవడం మానేశారు. నాట్లు పడే నెలలో కూలి లేకపోవడమంటే ఏడాది తిండిలో సగం పోవడమే. రైల్వే జీతాలున్న ఇళ్ళు తట్టుకున్నాయి. మిగతావాళ్ళు వేరే ఊళ్ళకు పనికి పోయారు. వెలి అనుకున్నంత పని చేయలేదు. ఆగస్టు 6న, పోలీసులు ఊళ్ళో ఉండగానే, పొలాల్లోకి పరుగెత్తిన దళితులను వెంటాడి ఎనిమిది మందిని చంపారు. శవాలను గోనె సంచుల్లో మూటగట్టి కాలువల్లో పడేశారు.

పల్లె ఖాళీ అయింది. తెనాలిలో సాల్వేషన్ ఆర్మీ ఆవరణ శిబిరమయింది. చీరాలలోలాగే ఇక్కడా ముందు తలుపు తెరిచింది చర్చే. బాధితులు మృతదేహాలను శ్మశానంలో కాక ఊరి నడుమ ఖననం చేశారు. ఆ చోటికి రక్తక్షేత్రమని పేరు పెట్టారు. ఆ సెప్టెంబరులో పోలీసు కాల్పుల్లో మరో దళిత యువకుడు చనిపోయాడు.

అయినా చుండూరు వాళ్ళు తిరిగి వచ్చారు. ఊరి నడుమ సమాధులు కట్టుకున్నవాళ్ళు ఆ ఊరు తమదేనని చాటుకున్నట్టే. పైగా వాళ్ళలో నెల జీతం వచ్చేవాళ్ళున్నారు, చదువుకున్నవాళ్ళున్నారు. స్టేషన్ దగ్గరే ఉంది, తెనాలి పక్కనే ఉంది. ఊళ్ళో ఉంటూనే ఊరి పొలం మీద ఆధారపడకుండా బతకడానికి కారంచేడు మాదిగల కంటే వీళ్ళకు ఎక్కువ ఆసరా ఉంది.

‘రాజీ’ అనే మాట

సామాజిక సమైక్యత గురించి పుస్తకాల్లో రాసేదానికీ డెల్టా ఊళ్ళలో జరిగేదానికీ మధ్య ‘రాజీ’ అనే మాట అడ్డం వస్తుంది. ఇక్కడ రాజీ అంటే కేసు వదులుకోవడం. పెద్దమనుషులు కూర్చుంటారు, ఇంత డబ్బని తేలుస్తారు, సాక్షి కోర్టులో మాట మారుస్తాడు, మర్నాటి నుంచి కూలి పిలుపు వస్తుంది. పని చేతిలో ఉన్నవాడే రాజీ షరతులు రాస్తాడు. అందుకే బాధితులకు బతుకుతెరువూ న్యాయమూ విడిపోయేవి కావు: కూలి కోసం ఎదురు చూడాల్సిన సాక్షి ఎంతకాలం నిలబడతాడు?

చుండూరు వాళ్ళు ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు కావాలన్నది ఇది తెలిసే. గుంటూరు పోయి రావడానికి ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ పోతాయి. ఏళ్ళ తరబడి వాయిదాలు పడితే సాక్షి అలసిపోతాడు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం జరిగిన ఊళ్ళోనే కోర్టు నడవడం అపూర్వం. చుండూరులోనే ఏర్పడిన ఆ కోర్టు 2007 జూలై 31న తీర్పు చెప్పింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు, 123 మంది విడుదల. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు శిక్షపడిన అందరినీ విడుదల చేసింది. ఆ తీర్పుపై ఆ జూలైలోనే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తుది మాట 2008 డిసెంబరులో వచ్చింది, అంటే 23 ఏళ్ళకు: ప్రధాన నిందితుడికి యావజ్జీవం, మరి 29 మందికి మూడేళ్ళ జైలు. శిబిరంలో పాలు తాగిన పిల్లలకు అప్పటికి పెళ్ళిళ్ళయి ఉంటాయి.

చట్టాల్లో వచ్చిన మార్పు

1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1990 జనవరి 30 నుంచి అమలయింది. కారంచేడు తర్వాత రగిలిన ఆందోళన దాని వెనకున్న ఒత్తిళ్ళలో ఒకటి. దళితులను ఇల్లు, ఊరు విడిచిపోయేలా చేయడాన్ని అందులో విడిగా నేరంగా పేర్కొన్నారు. 1995 నిబంధనలు నష్టపరిహారంతో పాటు పింఛను, ఉద్యోగం, భూమి, ఇల్లు వంటి పునరావాసాన్ని కలెక్టరు బాధ్యత కిందికి తెచ్చాయి. సాంఘిక, ఆర్థిక బహిష్కరణను పేరు పెట్టి నేరం చేయడానికి మాత్రం 2016 జనవరిలో అమల్లోకి వచ్చిన సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. చుండూరులో కూలి ఆపిన పాతికేళ్ళ తర్వాత.

దేశం లోపలే నిర్వాసితులైనవారి గురించి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు 1998లో వెలువడ్డాయి. సొంత ఊరికి భద్రంగా, గౌరవంగా తిరిగి వెళ్ళడమా, వేరేచోట స్థిరపడడమా అన్నది నిర్వాసితుడే తేల్చుకోవాలని అవి చెబుతాయి. చీరాల శిబిరం ఆ హక్కును 13 ఏళ్ళ ముందే అడిగి తీసుకుంది.

ఆ తర్వాత

వరికోత యంత్రాలు వచ్చి డెల్టాలో కోత కూలి తగ్గింది. 2006లో మొదలై 2008కల్లా అన్ని జిల్లాలకూ విస్తరించిన ఉపాధి హామీ పథకం వల్ల ఆసామి పిలవకపోయినా దొరికే పని కొంత ఏర్పడింది. బేల్దారి పని, ఆటో, పట్టణపు ఆస్పత్రుల్లో దుకాణాల్లో కొలువులు యువతను పొలం నుంచి ఇంకా దూరం చేశాయి. 1991 నాటి వెలి ఇప్పుడు అదే రూపంలో సాగదు. ఆపడానికి ఆసామి చేతిలో అంత పని లేదు. 1987లో దళితులపై దాడి జరిగిన మంగళగిరి దగ్గరి నీరుకొండలో ఇవాళ ప్రైవేటు విశ్వవిద్యాలయం ఉంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ అమరావతి పరిధిలోకి వచ్చాయి. అక్కడి దళితుల తగాదా ఇప్పుడు కూలి రేటు మీద కన్నా అసైన్డు భూమి పట్టా మీదే ఎక్కువ.

ఏటా జూలై 17న చీరాల విజయనగర్ కాలనీలోనూ, ఆగస్టు 6న చుండూరు రక్తక్షేత్రంలోనూ సంస్మరణ సభలు జరుగుతాయి.