రాడార్‌కు ఎర

ప్రత్తిపాడు మిరపచేల మీద డ్రోను తిరుగుతుంటే మందు కొడుతున్నారని ఇట్టే తెలిసిపోతుంది. పెదనందిపాడు, కాకుమాను దాటి బాపట్ల దగ్గర సూర్యలంక తీరానికి వెళితే అక్కడ మానవరహిత విమానం పని వేరు. అది శత్రువు వేషం కడుతుంది. 2023 డిసెంబరులో ‘అస్త్రశక్తి’ విన్యాసాల్లో ఆకాశ్ క్షిపణి వ్యవస్థ అలాంటి నాలుగు లక్ష్యాలను ఒకే ఫైరింగ్ యూనిట్‌తో ఏకకాలంలో కూల్చింది.

ఒకేసారి నాలుగింటిని కొట్టడం ఎందుకంత అవసరమో 1982 జూన్ 9న లెబనాన్‌లోని బెకా లోయ చెప్పింది. అక్కడ సిరియా 19 క్షిపణి బ్యాటరీలను మోహరించింది. వాటికి రాడారే కన్ను. కానీ రాడార్ తరంగాలు వదిలిందంటే తానెక్కడుందో, ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తోందో బయటపెట్టుకున్నట్టే. అందుకే ఇజ్రాయెల్ ముందు డ్రోన్లను పంపింది. అలాంటి డ్రోన్లలో తరంగాన్ని వచ్చిన దిక్కుకే బలంగా తిప్పికొట్టే పరికరాలు అమర్చితే, చిన్న డ్రోను కూడా తెరమీద యుద్ధవిమానంలా కనిపిస్తుంది. సిరియన్లు నమ్మారు. రాడార్లు ఆన్ చేశారు, క్షిపణులు వదిలారు. అవి అయిపోయి, మళ్లీ నింపుకొనేలోపే రాడార్ తరంగాలను వెతుక్కుంటూ వచ్చే క్షిపణులు, వాటి వెనకే విమానాలు విరుచుకుపడ్డాయి. ఇజ్రాయెల్ లెక్క ప్రకారం ఆ రోజే 17 బ్యాటరీలు ధ్వంసమయ్యాయి. 1991లో బాగ్దాద్ మీద అమెరికా కూడా డ్రోన్లతో ఇదే ఎత్తు వేసింది.

బెకాలో సిరియా వాడిన క్షిపణుల్లో శామ్-3 ఒకటి. మన వాయుసేన దగ్గరున్న పెచోరా అదే. బెకా దెబ్బ తర్వాతి ఏడాది, 1983లో, కలాం నాయకత్వంలో సమగ్ర క్షిపణి కార్యక్రమం మొదలైంది. హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌లో ప్రహ్లాద రామారావు నేతృత్వంలో ఆకాశ్ రూపుదిద్దుకుంది. దాని రాజేంద్ర రాడార్ 64 లక్ష్యాలను వెంటాడగలదు. నా దృష్టిలో ఆ వ్యవస్థకున్న అసలు బలం ఇదే. గుంపుగా వచ్చినవాటిలో ఏది ముప్పో, ఏది ఎరో తేల్చాలంటే ముందు అన్నిటినీ కనిపెట్టి ఉండాలి కదా.

పాకిస్థాన్‌తో ఘర్షణ సాగిన 2025 మేలో అలాంటి గుంపే వచ్చింది. మే 8 రాత్రి పాకిస్థాన్ మన దేశంలోని 36 చోట్లకు 300 నుంచి 400 డ్రోన్లను పంపింది. మన గగనతల రక్షణను పరీక్షించి, సమాచారం రాబట్టడమే దాని ఉద్దేశం కావచ్చని మన సైన్యానికి చెందిన కర్నల్ సోఫియా ఖురేషీ మర్నాడు చెప్పారు. ఆ రోజుల్లో ఆకాశ్‌తో పాటు పాత పెచోరా, తక్కువ ఎత్తులో కాల్చే గన్లు కూడా పనిచేశాయి. చవక డ్రోన్లను ఆ గన్లు కూల్చిన ప్రతిసారీ అసలు విమానాల కోసం ఒక క్షిపణి మిగిలింది.