శత్రువును బట్టే జట్టు

ఆ దుంగని కాస్త లోపలికి నెట్టరా, పొగ కళ్ళల్లోకి వస్తోంది. ఆఁ, ఇప్పుడడుగు. జట్టులో ఎవడు గొప్పవాడనా? అది తేలాలంటే ముందు వాళ్ళకి ఎదురు నిలబడ్డది ఎవరో చెప్పుకోవాలి. సూపర్‌హీరోలను ఒక జట్టుగా నిలబెట్టింది శత్రువులే. నా మాట నమ్మండి, ఈ బొమ్మల పుస్తకాలు నేను ఇష్టంగా చదివినవాణ్ణి. చదువుకోడానికి అమెరికా వచ్చిన కొత్తలో మందుల షాపు మూలన గిరగిరా తిరిగే ఇనుప స్టాండు ఒకటుండేది. పుస్తకం 12 సెంట్లు. అంతకు ముందు వచ్చినవి తర్వాత పాత పుస్తకాల కొట్లలో వెతుక్కుని చదివాను.

మొట్టమొదటి జట్టు జస్టిస్ సొసైటీ ఆఫ్ అమెరికా. 1940 చివర్లో, ఆల్ స్టార్ కామిక్స్ మూడో సంచికలో వచ్చింది. ఫ్లాష్, గ్రీన్ లాంటర్న్, హాక్‌మ్యాన్, డాక్టర్ ఫేట్, స్పెక్టర్, ఇంకా కొందరు ఒక బల్ల చుట్టూ చేరతారు. చేరి ఏం చేస్తారనుకున్నారు? ఒకరి తర్వాత ఒకరు తాము చేసిన సాహసాలు చెప్పుకుంటారు, అంతే! అందరూ కలిసి తలపడాల్సినవాడు ఆ సంచికలో ఎవడూ లేడు. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ గౌరవ సభ్యులు మాత్రమే. తన పేరుతో సొంత పత్రిక వచ్చినవాడు జట్టులోంచి తప్పుకోవాలని ఒక నియమం. అందుకే ఫ్లాష్ కొన్ని సంచికలకే వెళ్ళిపోయాడు. అది వ్యాపారం లెక్క. చిన్న హీరోలను జనానికి పరిచయం చెయ్యడానికే ఆ పత్రిక.

తర్వాత గూఢచారుల ముఠాలొచ్చాయి, యుద్ధం వచ్చింది. 1943లో బ్రెయిన్ వేవ్ అనేవాడు దిగాడు. మనసులో అనుకున్నదాన్ని కళ్ళకు కనిపించేలా చెయ్యగలడు. అప్పుడు కథకి ఊపిరొచ్చింది. 1947లో 37వ సంచికలో దుష్టులే ఒక సంఘం పెట్టుకున్నారు, ఇన్‌జస్టిస్ సొసైటీ అని. విజార్డ్, గ్యాంబ్లర్, థింకర్, బ్రెయిన్ వేవ్, వేల ఏళ్ళుగా చావు లేకుండా బతికే వాండల్ సావేజ్, కాలాన్నే దొంగిలించాలని చూసే పెర్ డెగటన్. హీరోలను పట్టుకుని వాళ్ళ మీద విచారణ కూడా జరిపారు! మంచివాళ్ళు కలవడం చూసి చెడ్డవాళ్ళూ కలిశారు. అసలు జట్టంటే ఏమిటో నాకు ఆ కథలోనే తెలిసింది. కానీ పాఠకుల మోజు మారిపోయింది. 1951లో ఆ పత్రిక పేరే మారి కౌబాయ్ కథలదై కూర్చుంది.

ఆ తొలి కథలు రాసినాయన గార్డ్‌నర్ ఫాక్స్. లా చదివినవాడు. తొమ్మిదేళ్ళ తర్వాత కొత్త జట్టు కట్టాల్సి వచ్చినప్పుడు ఎడిటర్ జూలియస్ ష్వార్జ్ మళ్ళీ ఆయన చేతికే ఇచ్చాడు. అదే జస్టిస్ లీగ్. 1960లో, ద బ్రేవ్ అండ్ ద బోల్డ్ 28వ సంచిక. బొమ్మలు మైక్ సెకోవ్‌స్కీవి. ఈసారి మొదటి పేజీ నుంచే శత్రువు ఉన్నాడు: స్టారో. ఇంకో గ్రహం నుంచి వచ్చిన పెద్ద నక్షత్ర చేప. నవ్వకండి. మామూలు నక్షత్ర చేపలను తనలాంటి రాక్షసులుగా మార్చి మూడు చోట్లకు పంపుతుంది, ఒక ఊరి జనాన్నంతా మనసుతోనే ఆడిస్తుంది. ఆ ఊళ్ళో స్నాపర్ కార్ అనే కుర్రాడొక్కడే దానికి లొంగడు. ఎందుకంటే వాడు ఇంటి ముందు పచ్చికకి సున్నం చల్లుతూ ఒళ్ళంతా పూసుకున్నాడు. అట్లాంటిక్ తీరంలో ఆల్చిప్పలు పెంచేవాళ్ళు నక్షత్ర చేపల్ని చంపడానికి నిజంగానే సున్నం వాడేవాళ్ళు. అంతమంది వీరులు చివరికి సున్నం పోసి దాన్ని కట్టడి చేశారు. బలంతో కాదు, జాలర్లకి తెలిసిన కిటుకుతో.

ఇంకో రెండు సంచికలకి అమేజో వచ్చాడు. ప్రొఫెసర్ ఐవో చేసిన మరమనిషి. మన వాలి సంగతి విన్నారుగా, ఎదుట నిలిచినవాడి బలంలో సగం అతనికి పోతుంది. ఇదీ అలాంటిదే, కాకపోతే సగంతో ఆగదు. జట్టులో అందరి శక్తులూ తనలోకి లాక్కుని, ఆ శక్తులతోనే వాళ్ళను పడగొట్టింది. ఎంత మంది చేరితే శత్రువు అంత పెద్దవాడవుతాడు! ఇంత ఆలోచించి కథ కట్టిన మనిషికి 60ల చివర్లో, మరికొందరు రచయితలతో కలిసి ఆరోగ్య బీమా అడిగాక, ఈ పత్రికలు వేసిన కంపెనీలో పని దొరకలేదు. దాన్ని తల్చుకుంటే ఇప్పటికీ నాకు బాధే.

ఇటు జస్టిస్ లీగ్ బాగా అమ్ముడవుతోందని చూసి, న్యూయార్క్‌లోనే ఉన్న పోటీ కంపెనీ మార్వెల్ కూడా 1961లో ఫెంటాస్టిక్ ఫోర్ మొదలుపెట్టింది. మాటలు స్టాన్ లీ, బొమ్మలు జాక్ కర్బీ. కర్బీ అదే ఊళ్ళో ఈస్ట్ సైడ్ పేటలో పెరిగినవాడు, రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ వెళ్ళి పోరాడినవాడు. అతని బొమ్మలో గుద్దు పడితే కాగితం అదిరినట్టుండేది. ఐదో సంచికలో డాక్టర్ డూమ్ వచ్చాడు. 1964లో అతని పూర్వకథ చెప్పారు. తల్లి ముందే పోయింది, వైద్యం చేసి బతికే తండ్రి మంచు కొండల్లో కొడుకుని కాపాడుకుంటూ చనిపోయాడు. ఆ పిల్లవాడే పెద్దయ్యాక కాలేజీలో ఒక యంత్రం కట్టాడు. నీ లెక్క తప్పింది అని, తర్వాత ఆ నలుగురికీ నాయకుడైన రీడ్ చెబితే వినలేదు. యంత్రం పేలి ముఖం పోయింది. అప్పటి నుంచి తప్పు లెక్కది కాదు, రీడ్‌ది! గర్వం ఇంకా దిగలేదు, ఇనుప ముసుగు వెనక దాక్కుంది. లాట్‌వేరియాకి రాజయ్యాడు కూడా.

ఇక 1966, వరుసగా మూడు సంచికలు: 48, 49, 50. గెలక్టస్. అతనికి మన మీద పగ లేదు, రాజ్యం అక్కర్లేదు. ఆకలి మాత్రమే. గ్రహాలు తిని బతుకుతాడు. చీమ మీద మనకెంత కోపం ఉంటుందో మన మీద అతనికీ అంతే. అంతవరకూ అలాంటి శత్రువును నేను చూళ్ళేదు. కర్బీ గీసిన పేజీలు వచ్చాక చూస్తే పలక మీద ఆకాశంలో జారుతున్న వెండి మనిషి ఒకడున్నాడు. స్టాన్ లీతో మాట్లాడుకున్న కథలో లేడతను. ఇంత పెద్దవాడికి ముందు నడిచే దూత ఉండాలి కదా అని కర్బీ సొంతంగా గీసేశాడు. ఆ సిల్వర్ సర్ఫరే చివరికి యజమానికి ఎదురు తిరుగుతాడు. అతని మనసు మార్చింది సూపర్‌హీరో కాదు, చూపులేని శిల్పి అలీసియా. ఆ నలుగురిలో ఒకడైన జానీ తెచ్చిన ఆయుధం రీడ్ చేతిలో చూసి గెలక్టస్ వెళ్ళిపోతాడు, పోతూ సర్ఫర్‌ని భూమి దాటకుండా కట్టడి చేస్తాడు.

ఆ 50వ సంచిక అక్కడితో అయిపోదు. మిగిలిన పేజీల్లో జానీ కాలేజీలో చేరతాడు! ప్రపంచం ఆరిపోబోయి మిగిలింది, మర్నాడు వీడు హాస్టల్ వెతుక్కుంటున్నాడు. నేనూ అప్పుడు విద్యార్థినే, ఆ పేజీలు ఎంత హాయిగా అనిపించాయో.

మరి తర్వాతి నెల ఇంకా పెద్ద రాక్షసుణ్ణి తేవాలి కదా? తేలేదు. 51వ సంచికలో ఒక శాస్త్రవేత్త. రీడ్ మీద అసూయతో, అదే జట్టులోని బెన్ రూపం దొంగిలించి, రీడ్‌ని చంపడానికి వస్తాడు. తీరా చూస్తే రీడ్‌ని బతికించడానికి తన ప్రాణమే ఇస్తాడు. కథ మొత్తంలో వాడి పేరు చెప్పలేదు. అందరు శత్రువుల్లోనూ వాడే నాకు ఎక్కువ గుర్తుంటాడు. ఆ సంచిక లోపల పెట్టెలో ఉంది, రేపు పగటిపూట తీసి చూపిస్తా. చేతులు కడుక్కుని రండి, కాగితం పెళుసెక్కిపోయింది.