ఆరోగ్య కేంద్రాల్లో క్షయ స్క్రీనింగ్: రోగులకు, సిబ్బందికి వర్తించే నియమాలు

పూతలపట్టు (చిత్తూరు జిల్లా): క్షయ గాలి ద్వారా వ్యాపించే వ్యాధి. రోగి దగ్గినపుడు వెలువడే సూక్ష్మ తుంపరలు గాలి ఆడని గదిలో గంటల తరబడి నిలిచి ఉంటాయి. అందువల్ల వైద్యం కోసం వచ్చిన చోటే వ్యాధి సంక్రమించే ప్రమాదం ఉంది. కర్నూలు–రాణిపేట, తిరుపతి జాతీయ రహదారులు కలిసే పూతలపట్టు వంటి మండలం నుండి రోగులు చిత్తూరు ప్రభుత్వ ఆసుపత్రికి, తిరుపతిలోని రుయా, స్విమ్స్ ఆసుపత్రులకు, పొరుగు రాష్ట్రంలోని వేలూరు సి.ఎం.సి.కి వెళ్ళడం పరిపాటి. వ్యాధి నిర్ధారణకు ముందే ఒక రోగి మూడు నాలుగు ఆసుపత్రుల వరండాల్లో వేచి ఉండే అవకాశం ఉన్నందున స్క్రీనింగ్ నియమాలకు ఈ ప్రాంతంలో ప్రత్యేక ప్రాధాన్యం ఉంది.

క్షయ చికిత్స చరిత్రలో పూర్వపు చిత్తూరు జిల్లాకు విశిష్ట స్థానం ఉంది. యూనియన్ మిషన్ క్షయ చికిత్సాలయం 1912లో మదనపల్లెలో ఆరంభమై, 1915లో సమీపంలోని ఆరోగ్యవరంలో స్థిరపడింది. డెన్మార్క్‌కు చెందిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దీనికి తొలి పర్యవేక్షకులు. దేశంలో బి.సి.జి. టీకా ప్రయోగాత్మకంగా ఆరంభమైన చోట్లలో మదనపల్లె ఒకటి (1948). మందులు లేని ఆ కాలంలో స్వచ్ఛమైన గాలి, విశ్రాంతి, పౌష్టికాహారమే చికిత్స. మందులు వచ్చిన పిమ్మట ఆ పద్ధతి మారినా, గాలి ధారాళంగా ఆడాలన్న నియమం మాత్రం నేటికీ మారలేదు.

మద్రాసు క్షయ రసాయన చికిత్సా కేంద్రం 1959లో వెల్లడించిన అధ్యయన ఫలితాలు ఇక్కడ ప్రస్తావనార్హం. ఇంటి వద్ద మందులు వాడిన వారికి శానటోరియంలో చేరిన వారితో దాదాపు సమానంగా నయమైందని, ఇంటి వద్ద చికిత్స పొందినందువల్ల కుటుంబ సభ్యులకు అదనపు ముప్పు కలగలేదని ఆ అధ్యయనం తేల్చింది. సరైన మందులు ఆరంభించిన రోగి వల్ల ముప్పు త్వరగా తగ్గిపోతుంది. వ్యాధి ఉన్నట్లు తనకే తెలియక ఓ.పి. వరుసలో కూర్చున్న వ్యక్తి వల్లనే ముప్పు ఎక్కువ. స్క్రీనింగ్ నియమాలన్నిటికీ ఇదే ఆధారం.

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2010లో గాలి ద్వారా వ్యాపించే వ్యాధుల నియంత్రణకు మార్గదర్శకాలు జారీ చేసింది. వీటి ప్రకారం ఓ.పి. చీటీ రాసే చోటనే దగ్గు గురించి వాకబు చేయాలి. దగ్గుతో వచ్చిన వారికి మాస్కు ఇచ్చి, గాలి ఆడే చోట విడిగా కూర్చోబెట్టి, వరుసతో నిమిత్తం లేకుండా ముందుగా వైద్యుని వద్దకు పంపాలి. రెండు వారాలు మించిన దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రివేళ చెమటలు ప్రధాన లక్షణాలు. కళ్ళెను మూసిన గదిలో గాక ఆరుబయట సేకరించాలి. పరీక్షకు సీబీనాట్, ట్రూనాట్ యంత్రాలు వాడుకలో ఉన్నాయి. రక్తపరీక్ష ద్వారా యాంటీబాడీలను చూసి క్షయను నిర్ధారించే కిట్లను కేంద్రం 2012 జూన్‌లో నిషేధించింది. మధుమేహ రోగులకు, హెచ్.ఐ.వి. ఉన్నవారికి, గ్రానైట్ క్వారీలలో రాతి ధూళి పీల్చే కార్మికులకు ముప్పు అధికం గనుక వీరిని లక్షణాల కోసం ప్రతిసారీ ప్రశ్నించడం అవసరం.

సిబ్బంది విషయంలో ఆచరణ మరింత మెరుగుపడవలసి ఉంది. ఉద్యోగంలో చేరినపుడు, ఆపై ఏటా లక్షణాల పరిశీలన, అవసరమైన వారికి ఛాతీ ఎక్స్-రే, కళ్ళె పరీక్ష జరగాలి. హెచ్.ఐ.వి. వంటి కారణాల వల్ల రోగనిరోధక శక్తి తగ్గిన ఉద్యోగులకు ముప్పు తక్కువగల విధులు కేటాయించాలి. వివరాలు గోప్యంగా ఉంచాలి. లేనిచో ఉద్యోగులు లక్షణాలను దాచుకుంటారు. ఈ పరీక్షలు వైద్యులకు, నర్సులకు పరిమితమయ్యే అవకాశం ఉంది. అయితే వార్డులో ఎక్కువసేపు గడిపే పారిశుద్ధ్య కార్మికులు, కళ్ళె నమూనాలు తాకే లేబొరేటరీ సిబ్బంది, అంబులెన్సు డ్రైవర్లు కాంట్రాక్టుపై ఉన్నవారైనా జాబితాలో ఉండవలసినదే. బ్రిటన్‌లో ఆరు నెలలకు మించి ఉండదలచిన మన నర్సు వీసాకు ముందే ఛాతీ ఎక్స్-రే తీయించుకోవాలి. ఇక్కడి వార్డులో పనిచేసే ఆమె సహోద్యోగినికి అదే శ్రద్ధ లభించడం న్యాయం.

క్షయ కేసులను ప్రభుత్వానికి తెలియజేయడం 2012 మే 7 నుండి తప్పనిసరి. 2018 మార్చి నాటి గెజిట్ ప్రకటన ఈ బాధ్యతను ప్రైవేటు ఆసుపత్రులతో పాటు లేబొరేటరీలకు, మందుల దుకాణాలకు వర్తింపజేసి, ఉల్లంఘనకు భారత శిక్షాస్మృతి 269, 270 సెక్షన్లను పేర్కొంది. 2024 జూలై 1 నుండి వాటి స్థానంలో భారతీయ న్యాయ సంహిత 271, 272 సెక్షన్లు అమలులోకి వచ్చాయి. సిబ్బంది స్క్రీనింగ్ మాత్రం మార్గదర్శకాల రూపంలోనే ఉన్నందున, దాని అమలు ఆసుపత్రి యాజమాన్యాల శ్రద్ధపై, జిల్లా అధికారుల తనిఖీపై ఆధారపడి ఉంది.

వ్యాధి నిర్ధారణ అయిన వారిని, వారు ఉద్యోగులైనా సరే, నిక్షయ్ పోర్టల్‌లో నమోదు చేయాలి. నిక్షయ్ పోషణ యోజన కింద 2018 ఏప్రిల్ నుండి నెలకు రూ.500 చొప్పున అందిన సహాయాన్ని 2024 నవంబరు 1 నుండి రూ.1,000కి పెంచారు. సందేహాలకు నిక్షయ్ టోల్ ఫ్రీ నంబరు 1800-11-6666ను సంప్రదించవచ్చు.