డీజిలు లారీకి విద్యుత్ పంపు

యంత్రముల చరిత్ర చెప్పుకునేటప్పుడు మనము సాధారణముగా ఇంజను పేరే చెప్పుకుంటాము. టాంకులోని చమురును ఇంజను దాకా చేర్చే చిన్న పంపును ఎవరూ తలచుకోరు. వర్క్‌షాపులలో దీనిని ఫీడ్ పంపు అనీ, లిఫ్టు పంపు అనీ పిలుస్తారు. అరచేతిలో ఇమిడే ఈ సాధనము చెడిపోయినదా, వంద గుర్రముల బలము గల లారీ అయినా రోడ్డు పక్కన నిలిచిపోవలసినదే.

మాదాపూరు వంటి చోట ఈ పంపును గురించి ఆలోచించడానికి కారణము ఉన్నది. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించిన నాటికి ఆ ప్రాంతము ఇంకా రాతిగుట్టల నడుమ నున్న నగర శివారే. ఆ గుట్టలను తొలిచి, పునాదులు త్రవ్వి, మేడలు లేపిన పనిలో కంప్యూటరు కంటె ముందుగా వచ్చినది డీజిలు లారీ. రాయి, ఇసుక, సిమెంటు, నీళ్ళు అన్నీ దాని మీదనే చేరినవి. ఇటువంటి బండికి పెద్ద ఇంజను అమర్చినవారు గాని, టర్బో తగిలించి బలము పెంచినవారు గాని ఒక ప్రశ్నను తప్పించుకోలేరు. పాత ఫీడ్ పంపు చాలునా? విద్యుత్ పంపు పెట్టవలెనా? పెట్టదలిస్తే ఏది పెట్టవలెను? ఈ పంపు ఎందుకు పుట్టినదో, ఎందుకు మారుతూ వచ్చినదో తెలుసుకున్నవారికి జవాబు సులభముగా దొరుకుతుందని మా అభిప్రాయము.

హైదరాబాదులో ప్రభుత్వ మోటారు రవాణా 1932 జూన్ నెలలో మొదలైనది. నిజాం స్టేట్ రైల్వేలో రోడ్డు రవాణా శాఖను ఏర్పరచి, 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో నడిపించినారు. ఆ తరము పెట్రోలు వాహనములలో చమురు చేరవేత పెద్ద సమస్య కాదు. టాంకు ఎత్తున ఉంటే పెట్రోలు తన బరువుతో తానే కార్బురేటరుకు దిగేది. టాంకు క్రింద ఉంటే, ఇంజను గాలి పీల్చేటప్పుడు ఏర్పడే శూన్యముతో ఒక చిన్న పాత్రలోకి పెట్రోలును లాగి, అక్కడినుండి క్రిందికి వదిలేవారు. ఆ తరువాత ఇంజను కాంషాఫ్టు కదలికతో కొట్టుకునే పొర పంపులు వాడుకలోకి వచ్చినవి. ఏ పద్ధతి అయినా కార్బురేటరు గిన్నె నిండితే చాలును. ఒత్తిడి ఎంత అనే లెక్కకు అంత ప్రాధాన్యము ఉండేది కాదు.

డీజిలు ఇంజను రాకతో ఈ నిశ్చింత పోయినది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గు నగరములో విజయవంతముగా నడిపి చూపిన యంత్రములో చమురును సంపీడిత వాయువుతో సిలిండరులోకి చిమ్మేవారు. అందుకు కావలసిన వాయుయంత్రము బరువైనది, రోడ్డు మీది బండికి తగినది కాదు. 1927లో జర్మనీ దేశపు బాష్ సంస్థ చమురునే నేరుగా అధిక పీడనముతో చిమ్మే ఇంజెక్షన్ పంపును పెద్ద ఎత్తున తయారుచేయసాగినది. డీజిలు లారీ వ్యాప్తికి దారి తెరచినది అదే.

అయితే దానితోపాటు రెండు చిక్కులు వచ్చినవి. పెట్రోలు ఇంజనులో గాలిదారిని మూసి తెరిచే థ్రాటిల్ సాధారణముగా డీజిలు ఇంజనులో ఉండదు. కనుక చమురును లాగడానికి తగిన శూన్యము అక్కడ దొరకదు. ఇది మొదటి చిక్కు. రెండవది ఇంకా కఠినమైనది: ఇంజెక్షన్ పంపు గాలి బుడగను సహించదు. ద్రవము నొక్కితే కుదించుకోదు, గాలి కుదించుకుంటుంది. పంపులోని ప్లంజరు నొక్కిన బలమంతా బుడగకే ఖర్చయితే నాజిలు తెరుచుకోదు, ఇంజను ఆగిపోతుంది. అందుచేత ఇంజెక్షన్ పంపు పక్కనే, దాని కాంషాఫ్టు మీదనే నడిచే ఫీడ్ పంపును అమర్చి, చమురును కొద్దిపాటి ఒత్తిడితో సదా నిండుగా ఉంచే పద్ధతి ఏర్పడినది.

మన దేశములో ఈ విద్య 1950 దశకములో స్థిరపడినది. 1951లో బెంగుళూరులో బాష్ సహకారముతో మైకో సంస్థ వెలసినది. 1954లో జంషెడ్‌పూరు నుండి టాటా–మెర్సిడెస్ లారీలు వెలువడినవి. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. టాంకు ఎండిన లారీకి మరల చమురు పోసిన తరువాత, గాలి మర వదులు చేసి, చేతి ప్రైమరు కొట్టి, నురుగు పోయి శుభ్రమైన ధార వచ్చేవరకు నిలిచి, అప్పుడు మర బిగించడము ఆ తరము డ్రైవర్లకు ఓనమాల వంటిది. "గాలి తీయడము" అని వారు పిలిచిన ఈ పనిలో ఫీడ్ పంపు యొక్క సారమంతా ఉన్నది.

విద్యుత్ పంపు ఈ చరిత్రలో తరువాతి మెట్టు. దానికి రెండు సుగుణములు కలవు. ఇంజను వేగముతో నిమిత్తము లేకుండా అది నడుస్తుంది. ఇంజనుకు దూరముగా, టాంకు చెంతనే దానిని అమర్చవచ్చును. పంపు చమురును దూరము నుండి లాగవలసి వస్తే గొట్టములో ఒత్తిడి తగ్గుతుంది. వదులుగా ఉన్న ప్రతి అతుకు నుండి గాలి చొరబడుతుంది. అదే పంపు టాంకు దగ్గర నుండి నెట్టితే అతుకు కారుతుందే గాని గాలి రాదు, కారే చోటు కంటికి కనబడుతుంది. ఈ సూత్రమును విస్మరిస్తే ఏమవుతుందో 1998–2002 మధ్య అమెరికాలో వచ్చిన డాడ్జ్ లారీల కమిన్స్ ఇంజన్లు చూపినవి. వాటిలో విద్యుత్ పంపును టాంకుకు దూరముగా ఇంజను మీదనే బిగించినారు. అది బలహీనపడినప్పుడు, చమురు ప్రవాహముతోనే చల్లబడి, చమురుతోనే కందెన పొందే ఇంజెక్షన్ పంపు కూడా చెడిపోయేది. చౌకైన పంపు లోపము ఖరీదైన పంపు ప్రాణము తీసినదన్నమాట.

ఇక ఎన్నిక విషయము. మొదట చూడవలసినది మన బండిలోని ఇంజెక్షన్ పద్ధతి. పాతకాలపు వరుస పంపునకు చాలవరకు ఒకటి రెండు బార్ల ఒత్తిడి కావలెను. కొన్ని పెద్ద పంపులు అంతకు మించి కోరుతవి. తనలోనే చిన్న పంపు గల రోటరీ రకమునకు స్వల్పమైన ఒత్తిడి చాలును. ఎక్కువైతే దాని సీలు కారుతుంది, ఇంజెక్షన్ సమయము కూడా తారుమారవుతుంది. పెట్రోలు కార్లకు వాడే మూడు బార్ల పంపును తెచ్చి దీనికి తగిలించరాదు. 1990 దశకములో వెలువడిన కామన్ రెయిల్ పద్ధతిలో తయారీదారు చెప్పిన అంకెను మించడము గాని, తగ్గడము గాని కూడదు.

తరువాత పరిమాణము. మంచి టర్బో డీజిలు ఇంజను పూర్తి భారము మీద గంటకు ఒక్కొక్క గుర్రపు బలమునకు సుమారు 165 గ్రాముల చమురు త్రాగుతుంది. 200 గుర్రముల ఇంజనుకు అది 33 కిలోలు, అనగా దాదాపు 40 లీటర్లు. కాని ఇంజెక్షన్ పంపును చల్లబరచి, బుడగలను తోసుకొని టాంకుకు తిరిగి పోయే చమురు కూడా ఉన్నది. కనుక కాలే చమురునకు రెండు మూడు రెట్లు ఇవ్వగల పంపును చూచుకోవలెను. అట్టపెట్టె మీది అంకె తరచు ఏ అడ్డూ లేనప్పటి ప్రవాహము. మనకు కావలసిన ఒత్తిడి వద్ద అది ఎంత ఇస్తుందో అడిగి తెలుసుకోవలెను.

పెద్ద లారీలకు 24 వోల్టులు, చిన్నవాటికి 12 వోల్టులు వాడుక. 12 వోల్టుల మీద 60 వాట్ల పంపు 5 ఆంపియర్లు లాగుతుంది. సన్నని తీగ వేస్తే ఓల్టేజి తగ్గి పంపు నీరసిస్తుంది. ఫ్యూజు, రిలే తప్పనిసరి. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. పాత ఫీడ్ పంపు ఇంజనుతో పాటే ఆగేది. విద్యుత్ పంపు అలా ఆగదు. ప్రమాదములో గొట్టము తెగితే వేడి ఇంజను మీద చమురు కుమ్మరిస్తూనే ఉంటుంది. ఇంజను ఆయిలు ఒత్తిడి పడిపోయిన వెంటనే కరెంటు తెంచే స్విచ్చి లేకుండా దీనిని బిగించరాదు. పాత పొర పంపును వరుసలోనే ఉంచితే, పొర చిరిగిననాడు డీజిలు ఇంజను ఆయిలులో కలుస్తుందనీ మరువరాదు.

చట్టమును కూడా గమనించవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చడాన్ని నిషేధిస్తున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని మరల స్పష్టము చేసినది. ఇంజను మార్పుకు అనుమతి పొందిన తరువాతనే పంపు మాట.

ఆనాటి చేతి ప్రైమరు నుండి నేటి విద్యుత్ పంపు వరకు, ప్రతి మార్పునకు కారణము ఎదుటనున్న ఇంజెక్షన్ పంపు అవసరమే. బజారులో అతి బలమైన పంపు ఏది అని అడిగేవారికి దుకాణదారు ఏదో ఒకటి చూపుతాడు. మా ఇంజెక్షన్ పంపు ముఖద్వారము వద్ద, పూర్తి భారము మీద, ఎంత ఒత్తిడి నిలవవలెను అని అడిగేవారికి మాత్రమే సరియైన పంపు దొరుకుతుంది. ఆ ఒత్తిడిని చూపే చిన్న మీటరును డ్రైవరు కంటి ముందు అమర్చుకుంటే, పంపు నీరసించిన సంగతి ఇంజను ఆగకముందే తెలుస్తుంది.