అంబాసిడర్ కారు వెనుక ఇరుసు మరమ్మతు

అంబాసిడర్ కారు వెనుక ఇరుసు మరమ్మతు అనగా చాలాకాలము కదలక నిలిచిపోయిన అంబాసిడర్ కారులో తుప్పువలన పట్టుకుపోయిన కమాను పట్టీలు, బ్రేకు డ్రమ్ములు, ప్రొపెల్లర్ షాఫ్టు, డిఫరెన్షియల్ మొదలగు భాగములను విడదీసి తిరిగి పనిచేయునట్లు చేయుట. ఈ పనిలో భాగములు విరుగుటకు తుప్పుకంటె తొందరపాటే ఎక్కువగా కారణమగుచుండును.

హిందుస్తాన్ మోటార్స్ సంస్థ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు ఆధారముగా అంబాసిడర్‌ను పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారుచేసినది. 1957లో మొదలైన తయారీ 2014 మే నెలలో ఆగిపోయినది.

నిర్మాణము

ఇంజను ముందు ఉండును, కారును నడుపునవి వెనుక చక్రములు. గేర్‌బాక్సు నుండి వచ్చు శక్తిని ప్రొపెల్లర్ షాఫ్టు ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్‌కు చేర్చును. షాఫ్టు చివరలలో ఉండు జాయింట్లను మెకానిక్కులు "క్రాస్" అందురు. ఇరుసు మొత్తము రెండు కమాను కట్టలకు యూ బోల్టులతో బిగించబడి ఉండును. పట్టీ బరువుకు వంగినపుడు దాని పొడవు కొంచెము మారును. అందుకు వీలుగా కమాను వెనుక కొసను షాకిల్ అను ఊగెడి లంకెతో ఛాసిస్‌కు కలిపెదరు. తుప్పు మొదట పట్టునది సాధారణముగా ఈ షాకిల్ పిన్నులకే.

పట్టుకుపోవుటకు కారణములు

హైదరాబాదులోని మలక్‌పేట మూసీనదికి దక్షిణపు వైపున ఉన్నది. 1908 సెప్టెంబరు వరద చరిత్రకెక్కినది. 2020 అక్టోబరు వర్షములకు మూసారాంబాగ్, చాదర్‌ఘాట్ వైపు పల్లపు ప్రాంతములు మరల నీట మునిగినవి. ఇట్టి చోట్ల నిలిపిన కారులో ఇరుసు ఎత్తుకు నీరు వచ్చినచో ఇంజను తడవకున్నను వెనుక భాగము తడియును. డ్రమ్ములలో నీరు నిలుచును. ఇరుసుపై గాలి పోవుటకుంచిన చిన్న రంధ్రము గుండా, ఆయిల్ సీళ్ళ గుండా నీరు డిఫరెన్షియల్‌లోనికి చేరును. పైకి శుభ్రముగా కనబడు కారు కొన్ని నెలలకు తోసినను కదలదు. హ్యాండు బ్రేకు వేసి వదలినచో బ్రేకు షూలు డ్రమ్ములకు అతుక్కొనును. కనుక వానాకాలము కారును ఎక్కువ రోజులు నిలుపునపుడు హ్యాండు బ్రేకు వేయక, గేరులో ఉంచి చక్రములకు దిమ్మలు పెట్టుట మేలు.

లోపమును కనుగొనుట

ముందు చక్రములకు దిమ్మలు పెట్టి, వెనుక భాగమును లేపి, ఇరుసు క్రింద గట్టి స్టాండ్లు నిలుపవలెను. జాకీమీద మాత్రమే, లేదా ఇటుకలమీద నిలిపిన కారు క్రిందికి ఎవరును పోరాదు.

గేరును న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండు బ్రేకు వదలి ఒక చక్రమును చేతితో త్రిప్పవలెను. రెండవ చక్రము వ్యతిరేకదిశలో తిరిగినచో డ్రమ్ములు, డిఫరెన్షియల్ బాగున్నట్లే. అయినను కారు కదలనిచో లోపము షాఫ్టులో గాని గేర్‌బాక్సులో గాని ఉండును. త్రిప్పిన చక్రముతో షాఫ్టు తిరిగి, అవతలి చక్రము బిగుసుకొని ఉన్నచో లోపము ఆ చక్రపు డ్రమ్ములోనిది. రెండును కదలనిచో ముందుగా డ్రమ్ములను విప్పి చూడవలెను. ఈ చిన్న పరీక్ష చేయకుండ ఇరుసు మొత్తమును దింపుట వృథా శ్రమ.

విడదీయుట

తుప్పుపట్టిన మరలను ముందు వైరు బ్రష్షుతో తోమి, తుప్పులోనికి ఇంకెడి నూనె పోసి, ఒకటి రెండు రోజులు ఆగి మరల పోయవలెను. పాతకాలపు మెకానిక్కులు కిరోసిను, డీజిలు వాడెడివారు. పిదప నట్టును మొదట బిగించు దిశలో కొంచెము కదల్చి, తర్వాత విప్పు దిశలో త్రిప్పవలెను. పానాకు పొడవైన గొట్టము తగిలించి బలమంతయు వేసినచో బోల్టు తెగుటయే జరుగును. యూ బోల్టులను కోసి తీసినను నష్టము లేదు, వానిని ఎటులను క్రొత్తవి వేయవలసినదే.

గ్యాసుమంటతో కాల్చుట త్వరగా ఫలితమిచ్చును కాని దీనిలో రెండు ప్రమాదములు కలవు. పెట్రోలు ట్యాంకు కారు వెనుకవైపుననే ఉన్నది. ఇంకొకటి, కమాను పట్టీ ఎర్రగా కాలినచో దాని పదును పోవును. కంటికి ఏమియు తెలియదు, కొంతకాలమునకు బరువుతో పోవునపుడు పట్టీ కుంగిపోవును, లేదా విరుగును. పదును అను మాటకు అర్థము కొలిమి పని చూచినవారికి తెలియును.

డ్రమ్మును విప్పుటకు ముందు బ్యాక్ ప్లేటు వెనుకనున్న అడ్జస్టరును వదులు చేయవలెను. డ్రమ్ము పోత ఇనుము. అంచుమీద సుత్తితో కొట్టినచో పగులును, కావున బోల్టుల నడుమ చెక్కసుత్తితో తట్టవలెను. పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండును. ఆ పొడిని గాలితో ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను.

షాఫ్టును విప్పుటకు ముందు రెండు ఫ్లాంజిలమీద గుర్తు పెట్టవలెను. క్రాస్ చుట్టూ ఎర్రని పొడి కనబడినచో లోపలి సూది బేరింగులు తుప్పుపట్టినట్లే. డిఫరెన్షియల్ నూనె పాలవలె తెల్లగా ఉన్నచో నీరు చేరినదని గుర్తు. నూనె మార్చి ఊరకుండక బేరింగులను కూడ పరీక్షించవలెను.

తిరిగి బిగించుట

రబ్బరు బుష్‌లకు గ్రీజు, ఖనిజనూనె తగులరాదు. సబ్బునీరు చాలును. షాకిల్ నట్లను కారు బరువు చక్రములపై ఆనిన తర్వాతనే పూర్తిగా బిగించవలెను. గాలిలో ఉండగా బిగించినచో కారు దించగానే బుష్ మెలిపడి త్వరగా చిరుగును. షాఫ్టు రెండు కొసల యోకులు ఒకే వరుసలో ఉండవలెను, లేనిచో వేగము పెరిగిన కొలది కారు అదరును. కొంతదూరము నడిపిన పిదప యూ బోల్టులను మరల బిగించవలెను.

విడిభాగములు, నమోదు

నగరములో పుత్లీబౌలి, రాణీగంజ్ మోటారు విడిభాగముల దుకాణములకు పేరుపొందినవి. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము వింటేజ్ వాహనముల నమోదుకు నియమములు ప్రకటించినది. 50 సంవత్సరములు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను గణనీయముగా మార్చబడని కార్లకు, ద్విచక్రవాహనములకు ఇవి వర్తించును. నమోదు 10 సంవత్సరములు చెల్లును. ఇట్లు నమోదైన కారును నిత్యవాడుకకు రోడ్డుపై నడుపుటకు అనుమతి లేదు.