పాఠశాలపై పెత్తనమెవరిది?

మన పల్లెలలోని ప్రాథమిక పాఠశాలపై ‘మండల పరిషత్తు’ అనియు, ఉన్నత పాఠశాలపై ‘జిల్లా పరిషత్తు’ అనియు వ్రాసియుండుట మనమెల్లరము చూచుచునే యున్నాము. ఆ మాటల వెనుక నూటయేబది యేండ్ల చరిత్ర కలదు. బడికి ధనమిచ్చు వారెవరు? ఉపాధ్యాయుని నియమించు వారెవరు? లోపము కలిగినపుడు ప్రజలు అడుగవలసిన దెవరిని? ఈ ప్రశ్నలే ఆ చరిత్రకు ప్రాణము.

పూర్వము వీథిబడి పంతులును గ్రామస్థులే పోషించుకొనెడివారు. 1854లో వుడ్ దొర లేఖ ననుసరించి రాష్ట్రములందు విద్యాశాఖ లేర్పడినవి. 1871లో మదరాసు స్థానిక నిధుల చట్టము వచ్చి, బాటలు, వైద్యశాలలతోపాటు పాఠశాలలను గూడ స్థానిక సంఘములకు అప్పగించినది. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనను ప్రకటించెను. ఆ యేటనే నియమితమైన హంటర్ సంఘము ప్రాథమిక విద్య స్థానిక సంస్థల కుండవలెనని సూచించెను. పిమ్మట 1884 చట్టముచే జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు వెలసినవి.

1920లో వచ్చిన ప్రాథమిక విద్యా చట్టము మరియొక మెట్టు. దానివలన ప్రతి జిల్లాకును ఒక విద్యాసభ యేర్పడి, బడులకు గుర్తింపు నొసగుట, గ్రాంటులు పంచుట అను పనులు నిర్వహించెను. విద్యకై పన్ను విధించుటకును, నిర్బంధవిద్య నమలుపరచుటకును ఆ చట్టము వీలు కల్పించినది. కాని ఆ సభలు చిరకాలము నిలువలేదు. తాలూకా బోర్డులు 1934లో రద్దయినవి. ఈ కాలమున నిజాము రాజ్యమందలి తెలంగాణములో సర్కారు బడులు నేరుగా విద్యాశాఖ పాలనలోనే యుండినవి.

1956లో ఆంధ్రప్రదేశ మేర్పడిన పిదప 1959 చట్టము ఈ రెండు సంప్రదాయములను ఒకటి గావించెను. ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితులకును, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తులకును చెందినవి. ప్రజలెన్నుకొన్నవారి చేతికి బడి వచ్చినదని పలువురు సంతసించిరి. అయితే ఉపాధ్యాయుల బదిలీలలో గ్రామకక్షలు చొరబడుచున్నవను విమర్శయు బయలుదేరెను. 1986లో సమితుల స్థానమున మండల పరిషత్తులు వచ్చినవి. క్రమముగా నియామకములు రాష్ట్ర ప్రభుత్వ నిబంధనలకు లోబడెను. జీతములు ఖజానానుండి వచ్చుచున్నవి. ఉపాధ్యాయునకు స్థానిక పెద్దల దయాదాక్షిణ్యములనుండి విముక్తి లభించినది. కాని బడి గోడపై పేరు మిగిలినంతగా పరిషత్తున కధికారము మిగులలేదు. గ్రామస్థుని ప్రశ్న మాత్రము దూరప్రయాణము చేయవలసివచ్చినది.

ఆ దూరమును తగ్గింపదలచి 2009 విద్యాహక్కు చట్టము ప్రభుత్వ పాఠశాలలకు యాజమాన్య సంఘములను విధించినది. సభ్యులలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులో సంరక్షకులో కావలెను. సగము మంది స్త్రీలై యుండవలెను. బడి పనితీరును గమనించుట, అభివృద్ధి ప్రణాళికను తయారుచేయుట, గ్రాంటుల వినియోగమును పరిశీలించుట వారి విధులు. అధికారము కాగితముపై నున్నంత మాత్రమున చాలదు. చదివి అడుగు సభ్యుడు లేనిచోట సంఘము సంతకముల పుస్తకమై పోవును.

రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో పదునేడవది పాఠశాల విద్య, ఇరువదవది గ్రంథాలయములు. ఒకే పట్టికలో చేరిన ఈ రెండును ఊరిలోను చేయి కలుపవలెను. పాఠశాల ప్రణాళికయు, జమాఖర్చులును గ్రంథాలయపు బల్లపై అందరికిని చదువుకొన లభించు నాడు, బడిపై పెత్తనమెవరిదను ప్రశ్నకు గ్రామమే సమాధానము చెప్పగలదు.